ఆ ఫ్రిజ్ బాగు చేసింది నేనే

పోయిన నెలలో మా అల్లుడు విశాఖపట్నంలో ఒక కారవాన్ అద్దెకు తీసుకుని, పిల్లలతో పూరీ వైపు వెళ్తూ, పలాసలో మా ఇంటి ముందు ఆపాడు. కారవాన్ అంటే చక్రాల మీద నడిచే ఇల్లన్నమాట. లోపల మంచాలు, పొయ్యి, కుళాయి, మూలన నడుమెత్తు ఫ్రిజ్, అన్నీ ఉన్నాయి గానీ, శ్రీకాకుళం దాటినప్పటి నుంచీ ఆ ఫ్రిజ్ చల్లబడడం లేదట, పాలు విరిగిపోయాయట, బండి యజమానికి ఫోను చేస్తే ఆ మీట నొక్కండి, ఈ మీట తియ్యండి అంటున్నాడట. డెబ్భై ఏళ్ళు వచ్చినా చెయ్యి ఊరుకోదు కదా, అటక మీంచి, వైర్లలో కరెంటు ఉందో లేదో చూసే పాత టెస్ట్ బల్బు దింపించి, మోకాళ్ళు పట్టేస్తున్నా వంగి చూస్తే, ఫ్రిజ్‌కి వచ్చే వైరు అతుకు దగ్గర కాలిపోయి నల్లగా ఉంది. కోసి, గీకి, గట్టిగా అతికేసరికి పావుగంట పట్టింది. భోజనాలయ్యాక తలుపు తీసి అందరూ చప్పట్లు కొట్టారు. అల్లుడు మొదటి కూల్‌డ్రింకు సీసా నా చేతికే ఇచ్చాడు. దాని మెడ దగ్గర పలచగా మంచు కట్టి ఉంది. పళ్ళు జివ్వుమంటాయని చెప్పి సీసా పక్కన పెట్టేశాను. వాళ్ళు వెళ్ళిపోయి నెల దాటింది గానీ నా మనసు మాత్రం అక్కడే ఉండిపోయింది. ఇరవై ఏళ్ళకు పైగా నేను ఏ ఫ్రిజ్ జోలికీ పోలేదని వాళ్ళకు తెలియదు, ఎందుకో అంతకన్నా తెలియదు.

తొంభైలలో, ఆ తర్వాత కొన్నేళ్ళూ, కాశీబుగ్గ దగ్గర నాకొక బ్యాటరీ షాపు ఉండేది. లారీల కరెంటు పని, జీపుల డైనమోలు, బ్యాటరీలకు చార్జింగు, ఇదీ నా బతుకు. ఎప్పుడు చూసినా జీడిపిక్కలు కాల్చే వాసన, దానితో కలిసిన యాసిడ్ వాసన, ఇంటికెళితే మా ఆవిడ గుమ్మంలోనే చొక్కా విప్పించేది. పనిలో నాకు పొగరు బాగా ఉండేది, ఒప్పుకుంటున్నాను. కాగితం చూసి పనిచేసే వాణ్ణి మేస్త్రీ అనేవాణ్ణి కాదు. చేత్తో ముట్టుకుంటే జబ్బు తెలియాలి, అదీ నా లెక్క. కూల్‌డ్రింకు షాపుల వాళ్ళ ఫ్రిజ్‌లు, తీరం నుంచి చేపలు తెచ్చే వాళ్ళ ఐసు పెట్టెలు కూడా నా దగ్గరికే వచ్చేవి. ఫ్రిజ్ బాగయిందా లేదా అన్నదానికి మా వైపు ఒకటే పరీక్ష ఉండేది, లోపల ఒక గ్లాసుడు నీళ్ళు పెట్టడం, గడ్డ కట్టిందా, పని అయిపోయినట్టే. ఎంత చల్లగా ఉంటే అంత మంచి ఫ్రిజ్. ఎంత చలి కావాలని అడిగిన వాడు గానీ, ఇంతకు మించి వద్దన్న వాడు గానీ నాకు అప్పటిదాకా ఎదురు కాలేదు.

మా అక్కను పూండి అవతల సముద్రం వైపు ఊరికి ఇచ్చారు. అక్కను మేము అప్ప అంటాం. మా అమ్మ మంచాన పడినప్పుడు నన్ను చంకన వేసుకుని తిప్పిన మనిషి, నాకంటే తొమ్మిదేళ్ళు పెద్దది. బావకు కొబ్బరి తోట, కొంచెం జీడి తోట ఉండేవి. ఆ తీరపు సీమను ఉద్దానం అంటారు, దాని పచ్చదనం చూసి బయటివాళ్ళు ఎంత అదృష్టవంతులో అనుకునేవారు గానీ, ఆ తోటల నీడన ఇంటికొకరు చొప్పున కిడ్నీలు పాడై ఎలా పోయారో మన వయసు వాళ్ళకు నేను చెప్పనక్కరలేదు. మొదట్లో దానికి మా దగ్గర పేరు కూడా లేదు. కాళ్ళకు నీరు పట్టిందనేవారు, రక్తం తగ్గిందనేవారు, దిష్టి తీసేవారు. నూతిలోంచి రెండు చేదలు తోడితే చాలు, అప్ప గట్టు పట్టుకుని కూర్చుండిపోయేది. టెక్కలిలో పరీక్ష చేసి, కిడ్నీలని డాక్టరు చెప్పాక బావ బయటకొచ్చి, బస్సు ఏ పక్కన ఆగుతుందో కూడా మర్చిపోయి అటూ ఇటూ తిరిగాడు.

అలాంటి రోజుల్లో ఆ చక్రాల ఆసుపత్రి వచ్చింది. రెండువేల సంవత్సరం దాటిన కొత్త రోజులు. ఏదో సేవా సంఘానికి పరదేశం నుంచి ఎవరో పాత కారవాన్ ఒకటి దానంగా పంపించారట, దానిలో మంచాలు పీకేసి, పరీక్ష బల్ల వేసి, ఒక జీపుకు తగిలించి ఊరూరా తిప్పడం మొదలుపెట్టారు. వారానికి రెండుసార్లు అప్ప వాళ్ళ ఊరు వచ్చేది. కిడ్నీ జబ్బు వాళ్ళకు రక్తం పెరగడానికి ఒక సూదిమందు ఇచ్చేవారు. విశాఖపట్నం పోతే తప్ప దొరకని మందు అది, చల్లగా ఉంచకపోతే పాడైపోతుంది. అందుకే ఆ బండిలోని ఫ్రిజ్ మీద అంత నమ్మకం పెట్టుకున్నారు గానీ, అదేమో ఒక వారం చల్లగా, రెండు వారాలు వెచ్చగా ఉండేది. పాడైందని మందు పారబోసిన రోజున వచ్చినవాళ్ళు వట్టి చేతులతో తిరిగి వెళ్ళేవారు. ఇది ఇలాగే ఉంటే సూదిమందు ఆపేస్తాం, ఎవరికి వారు విశాఖ పోవాల్సిందే అని సంఘం వాళ్ళు చెప్పేశారు. పన్నెండు మంది ఆ మందు మీద ఉండేవారు. వాళ్ళలో నలుగురైనా అంత దూరం ప్రయాణం చేయగలిగిన వాళ్ళు కాదు.

అప్ప కబురు పెట్టింది, జీపు డ్రైవరు బండిని నా షాపుకు తెచ్చాడు. ఆ ఫ్రిజ్‌ను చూసి ముందు నేను తెల్లబోయాను. దానికి మోటారు లేదు, చప్పుడు లేదు, వెనక ఒక గొట్టాన్ని వేడి చేస్తే లోపల చల్లబడుతుంది! వేడి పెడితే చలేమిటని డ్రైవరుని కసురుకున్నాను కూడా. గ్యాసు మంటతో గానీ, ఇంటి కరెంటుతో గానీ, బండి బ్యాటరీతో గానీ ఆ వేడి పెట్టవచ్చు, ముందున్న మీటతో మూడింట్లో ఒకటి ఎంచుకోవాలి. గ్యాసు పెడితే మా ఉద్దానం గాలికి మంట ఆరిపోయేది. కరెంటు సంగతి సరేసరి, ఎప్పుడు పోతుందో, ఎప్పుడు వస్తుందో తెలియదు. ఇక బ్యాటరీ పెడితే ఊరు చేరేసరికి బ్యాటరీ చచ్చి, జీపు స్టార్టవక జనం తోసేవారు.

మూడు రోజులు ఆ బండి కిందే పడుకున్నాను. మొదట దొరికిన తప్పు చిన్నది. ఆ రకం ఫ్రిజ్ సమంగా నిలబడితేనే పనిచేస్తుంది, ఇసక నేలలో ఒక చక్రం దిగబడి బండి ఒరిగితే దాని పని ఆగిపోతుంది. పళ్ళెంలో నీళ్ళు పోసి లోపల నేల మీద పెట్టి చూసుకోమని, దిగిన చక్రం కింద కొబ్బరి మొద్దు చెక్క వేయమని డ్రైవరుకు నేర్పాను. రెండోది వైరు. జీపు దగ్గర టెస్ట్ బల్బు భగ్గున వెలిగేది, అదే బల్బు ఫ్రిజ్ దగ్గర పెడితే మిణుకు మిణుకుమనేది. జీపు నుంచి అంత దూరం సన్నటి వైరు లాగారు, పైగా ఎర్తు కలిపిన చోట ఉప్పుగాలికి తుప్పు పొక్కులు లేచాయి. తుప్పంతా గీకేసి, లారీలకు వేసే లావుపాటి వైరు డైనమో నుంచి కొత్తగా లాగాను. కారవాన్‌లోనే రెండు పెద్ద లారీ బ్యాటరీలు బిగించి, జీపు నడుస్తున్నంతసేపూ అవి చార్జి అయ్యేలా, జీపు ఆపగానే జీపు బ్యాటరీతో తెగతెంపులయ్యేలా మధ్యన కటౌటు పెట్టాను. పలాసలో బండి నిలిపే షెడ్డులో కరెంటు ఉన్నప్పుడు చార్జింగు ఎక్కేలా నా షాపు చార్జరే ఒకటి ఇచ్చేశాను. చివరికి ఎవడూ కెలకకుండా మీటను బ్యాటరీ మీద పెట్టి, పిడి ఊడబీకి, నల్ల టేపు చుట్టేశాను.

ఆ టేపు చుట్టిన చేతులు ఇవే. తలుపు లోపలి వైపు ఇంగ్లీషులో ఒక కాగితం అతికించి ఉంది. పదో తరగతి చదివిన వాణ్ణి, కూడబలుక్కుంటే అర్థమయ్యేదే. చదవలేదు. గ్లాసులో నీళ్ళు పెట్టాను, మర్నాటికి గడ్డ కట్టింది, ఆ గడ్డను చేత్తో పట్టుకుని బజారంతా చూపించాను. నా కుడిచేతికి తిరుగులేదనుకున్నాను.

తర్వాతి వారం బండి అప్ప వాళ్ళ ఊరు వెళ్ళినప్పుడు నేనూ వెళ్ళాను. నర్సమ్మ ఫ్రిజ్ తలుపు తీస్తే తెల్లటి పొగ బయటకొచ్చింది, చుట్టూ చేరిన పిల్లలకు ఆమె గోడకు పట్టిన మంచు గీకి పెట్టింది. బయట బల్ల మీద వరసగా కూర్చున్న పన్నెండు మందీ నన్ను చూసి చేతులు జోడించారు. వాళ్ళలో నా తండ్రి వయసు వాళ్ళున్నారు. అప్ప అయితే ఆ వరసలో మహారాణిలా కూర్చుంది.

"సూసినారా, మా తమ్ముడు సేసినాది! ఏలు పెడితే కొంకర్లు పోతాది. ఆ ఇశాకపట్నంలో కూడా ఇంత సల్లటి మందు ఉండదు," అని చెయ్యి చాచి సూది వేయించుకుంది.

నాకు కడుపు నిండిపోయింది. అబద్ధమెందుకు, నా బతుకులో అంత గర్వపడ్డ రోజు మరొకటి లేదు.

ఆ కార్తీకమాసంలోనే బావ ఒక మాట తెచ్చాడు. విశాఖలో ఆయన పినతండ్రి కొడుకు ఇంట్లో ఆరునెలలుండి, పెద్దాసుపత్రిలోనే మందు వేయించుకుంటే బాగుంటుందని. అప్పకు ఇష్టం లేదు. ఆవు ఈనబోతోంది, జీడి పూతకొచ్చే కాలం, ఒకరింటి పంచన పడి ఉండడమేమిటని. బావ నన్ను పిలిపించి, నువ్వు చెబితే వింటుంది, నచ్చజెప్పమన్నాడు. నేను ఏం చెప్పానో అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది. "ఎందుకు బావా, అక్కడేసేదీ ఇదే మందు కదా. గుమ్మంలోకొచ్చి ఏత్తంటే అంత దూరమెందుకు? ఆ ఫ్రిజ్‌కి నేను పూచీ," అన్నాను. బావ విశాఖ మాట అక్కడితో వదిలేశాడు. మేస్త్రీని నేను, ఆయన కొబ్బరి రైతు.

చలి ముదిరింది. ధనుర్మాసంలో మా తీరాన తెల్లవారుజామున పొగమంచు ఎలా దిగుతుందో మీకు తెలుసు. అప్ప రక్తం పెరగలేదు. పెరగకపోగా తగ్గుతూ వచ్చింది. పెదాలు పాలిపోయి, గుమ్మం నుంచి వీధి బల్ల దాకా వచ్చేసరికి రెండుచోట్ల ఆగేది. బల్ల మీద మిగతావాళ్ళూ అంతే, ఒకామెను చేతుల మీద మోసుకొచ్చేవారు. జబ్బు ముదిరిపోతోంది, మందు కూడా లొంగడం లేదు కాబోలనుకున్నారు అందరూ. ఎవరికీ ఫ్రిజ్ మీద అనుమానం రాలేదు, ఎందుకొస్తుంది, తలుపు తీస్తే ఎముకలు కొరికే చలి! నర్సమ్మ ఆ చిన్న సీసాలను మంచులోంచి పెకలించి, రెండు అరచేతుల మధ్య పెట్టుకుని నలుపుతూ కూర్చునేది. నేను కళ్ళారా చూశాను. మందు గడ్డకట్టిందమ్మా అని నవ్వాను కూడా. కరిగాక ఏస్తాను బాబూ అందామె.

శివరాత్రి వెళ్ళాక సంఘం పంపిన ఒక కుర్ర డాక్టరు బండితో అప్ప వాళ్ళ ఊరు వచ్చాడు. సీసాలు నలుపుతున్న నర్సమ్మను చూసి ఆయన ముఖం మాడిపోయింది. ఆ రోజే పలాస వచ్చి, నన్ను షాపులోంచి బయటికి పిలిచి, కేకలేమీ వేయకుండా చెప్పాడు. ఆ మందు వేడికి ఎలా చెడుతుందో గడ్డకట్టినా అలాగే చెడుతుంది. చెడ్డాక అది వట్టి నీళ్ళతో సమానం. చల్లగా ఉండాలి గానీ మంచు కట్టకూడదు. గ్యాసు మీదో ఇంటి కరెంటు మీదో అయితే ఆ ఫ్రిజ్ తగినంత చల్లబడ్డాక తనంతట తనే తగ్గించుకుంటుందట, బ్యాటరీ మీద పెడితే మాత్రం ఆ తగ్గించుకోవడం ఉండదు, అలా కాలుతూనే, చల్లబరుస్తూనే పోతుంది. పాత సన్నవైరు ఉన్నప్పుడు దానికి అంత బలం అందేది కాదు. నేను లావు వైరు వేసి, పెద్ద బ్యాటరీలు పెట్టి, మీటకు టేపు చుట్టి దానికి పూర్తి బలం ఇచ్చాను. ఇదంతా తలుపు లోపలి కాగితంలోనే ఉంది. నాలుగు నెలలు పన్నెండు మందికి నీళ్ళ సూదులు వేశారు.

నువ్వు పని బాగానే చేశావయ్యా అన్నాడాయన చివర్లో. తిడితే బాగుండేది. అందరికీ చెప్పాలా సార్ అని అడిగాను. ఇప్పుడు చెబితే జనం బండి దగ్గరికే రారు, ఇకనుంచి వేసే మంచి మందు కూడా పోతుంది, ఊరుకో అన్నాడు. మర్నాడే మీటకు టేపు విప్పించారు, లోపల థర్మామీటరు కట్టారు, కొత్త మందు తెచ్చారు. ఆయన మాటలో నిజముంది. ఆ నిజం వెనక నేను ఎంత హాయిగా దాక్కున్నానో ఆయనకు తెలియదు.

అప్ప దగ్గర మాత్రం దాచలేకపోయాను. వెళ్ళాను. వెన్నుకు దిండు పెట్టుకుని అరుగు మీద కూర్చుని ఉంది, కాళ్ళు వాచి ఉన్నాయి. పక్కన కూర్చుని, నేల చూస్తూ మొత్తం చెప్పేశాను, విశాఖ వెళ్ళకుండా నేనే ఆపానని కూడా. తిడుతుందనుకున్నాను, ఏడుస్తుందనుకున్నాను.

"మరి నా పక్కన బల్ల మీద కూకున్నోల్లకి సెప్పినావేటి?" అంది.

"లేదప్పా. డాక్టరు వద్దన్నాడు."

"డాక్టరు మాటకేటి. నువ్వు ఎల్లి సెప్పు. నాకైతే నువ్వు తమ్ముడివి, నానేటంతాను, ఊరుకుంటాను. ఆల్లకి నువ్వేటవుతావు? ఆల్లు నీకు దణ్ణాలెట్టినారురా."

చెబుతానన్నాను. చేతిలో చెయ్యేసి ఒట్టు వేయించుకోలేదు, నా మాట మీద అంత నమ్మకం. కొత్త మందు మూడు నెలలు వేశారు గానీ అప్పటికే గుండె నీరసించిపోయింది. జ్యేష్ఠమాసంలో, ఒక మధ్యాహ్నం పూట, బావ కొబ్బరి బొండం కొట్టి తెచ్చేలోపల పోయింది. ఆ నాలుగు నెలలు మంచి మందు పడి ఉంటే బతికేదా అని తర్వాత ఆ కుర్ర డాక్టరుని పట్టుకుని అడిగాను. చెప్పలేం అన్నాడు. కిడ్నీలు ఎలాగూ పోయాయి, ఇంకొన్నాళ్ళుండేదేమో, చెప్పలేం. ఆ ముక్క పట్టుకునే ఇన్నేళ్ళు బతికాను. బతికేదంటే నేను బతకలేకపోయేవాణ్ణి, బతికేది కాదంటే మర్చిపోయేవాణ్ణి.

బల్ల మీద వాళ్ళకు చెప్పడానికి రెండుసార్లు బయలుదేరాను. మొదటిసారి పూండి దాకా వెళ్ళి, టీ తాగి వెనక్కొచ్చాను. రెండోసారి ఊళ్ళోకే వెళ్ళాను. మంచు కాలంలో చేతుల మీద మోసుకొచ్చేవారని చెప్పానే, ఆ ముసలమ్మ ఇంటి ముందు పాడె కడుతున్నారు. ఆమె మొగుడు నన్ను చూసి, వస్తున్న ఏడుపు ఆపుకుని, అందరిలోనూ నా రెండు చేతులూ పట్టుకున్నాడు. "నీ సలవేను బాబూ. మా ఆడమనిసి ఆ నాలుగు నెల్లూ మంచులో పెట్టిన మందు ఏయించుకున్నాది. పక్కూర్లోల్లకి ఆ యోగం కూడా నేదు," అన్నాడు. పాడె పట్టమన్నాడు. పట్టాను. చెప్పకుండానే తిరిగొచ్చాను.

ఆ తర్వాత ఆ ముసలాయన ఏటేటా మా ఇంటికి ఒక గోనె కొబ్బరికాయలు తెచ్చేవాడు. వద్దన్నా వినేవాడు కాదు. మా వైపు మేలు చేసిన వాళ్ళకు తోటలో పండింది పెట్టకుండా ఉండడం మర్యాద కాదు, పుచ్చుకోకపోవడం అంతకన్నా కాదు. గోనె దించి, ఒక గ్లాసు మజ్జిగ తాగి, అప్పను తలుచుకుని వెళ్ళేవాడు. ఆయన వెళ్ళాక ఆ కాయలు వంటకు వాడనిచ్చేవాణ్ణి కాదు, గుళ్ళో ఇచ్చేసేవాణ్ణి. ఎందుకని మా ఆవిడ అడిగితే మొక్కు అనేవాణ్ణి. ప్రతి ఏడూ, ఈ ఏడు చెబుతాను అనుకునేవాణ్ణి. ముసలాయన నాలుగేళ్ళ క్రితం పోయాడు, ఇప్పుడు ఆయన కొడుకు తెస్తున్నాడు.

ఉద్దానం చాలా మారిపోయింది. ఎక్కడో దూరాన్నుంచి గొట్టాల్లో మంచినీళ్ళు వస్తున్నాయి, రక్తం శుద్ధి చేసే యంత్రాలు పలాసకే వచ్చాయి, అప్ప కాలంలో విశాఖ పోవాల్సిన మందు ఇప్పుడు ఆటోలో వెళ్ళి వేయించుకుని వస్తున్నారు. మందుల షాపు ఫ్రిజ్‌ల మీద ఎంత చల్లగా ఉందో ఎర్ర అంకెలు వెలుగుతుంటాయి, ఎవరి గొప్పతనం మీదా ఆధారపడనక్కరలేదు. ఆ రోజులే బాగుండేవని నేనెప్పుడూ అనను. కానీ, మనిషి చేతి పని మీద మనిషికి ఉండే ఆ గుడ్డి నమ్మకం ఇప్పుడు లేదు, అది పోయినందుకు సంతోషించాలో ఏడవాలో నాకు తెలియడం లేదు. చెప్పమన్న అప్ప లేదు. ఇప్పుడు బయలుదేరి వెళ్ళినా, ఆ బల్ల మీద కూర్చున్న పన్నెండు మందిలో వినడానికి ఒక్కరూ మిగల్లేదు. వాళ్ళ పిల్లలున్నారు. కాశీబుగ్గ బజారులో కనబడితే ఆగి, వెంట ఉన్నవాళ్ళకు, మా అమ్మ సూదిమందు పెట్టిన ఫ్రిజ్ బాగు చేసింది ఈయనే అని చెప్పి నమస్కారం పెడతారు. నేనూ చేతులు జోడిస్తాను.